కంభం స్టేషన్లో బ్రాందీ వాసన

1947 ఫిబ్రవరి. పగలు పదకొండు ఇరవై.

కంభం స్టేషన్లో ఆగిన గుంతకల్లు పాసింజరులో ఒక మనిషి చచ్చి ఉన్నాడు.

రైల్వే పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టర్ కరుణాకరం పెట్టె ఎక్కాడు. గొర్రెల కాపరి కాశయ్య మూల సీటులో ఒరిగి ఉన్నాడు. చొక్కా నిండా బ్రాందీ. ఒళ్ళో సగం ఖాళీ అయిన సీసా. తల వెనక నెత్తురు.

కర్నూలు జిల్లాలో మద్యనిషేధం వచ్చి నాలుగు నెలలు. పక్కన గుంటూరు జిల్లాలో ఇంకా షాపులున్నాయి. అందుకే రైళ్లలో సోదాలు. ఈ పెట్టెను సోదా చేసింది నిషేధశాఖ జమేదారు సంజీవరావు. అతను అప్పటికే ఒకడి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"వీడు కొండయ్య, గొర్రెల బేరగాడు. సీసా అమ్మింది వీడే సార్."

కొండయ్య తల వంచుకున్నాడు.

"కాశయ్య తాగుతుంటే చూశావా?" కరుణాకరం అడిగాడు.

"కళ్ళారా చూశాను. తర్లుపాడు దాటాక గటగటా సగం సీసా తాగాడు. లేచి, తూలి, కమ్మీకి కొట్టుకున్నాడు. అంతే, ప్రాణం పోయింది."

కరుణాకరం శవం నోరు తెరిచి చూశాడు.

పన్నెండుకు అందరినీ స్టేషన్‌మాస్టరు గదిలో కూర్చోబెట్టాడు. మొగుడు కాశయ్య కోసం స్టేషనుకు వచ్చిన అంకాలమ్మ గోడవార కూలబడింది.

"అమ్మా, నీ భర్త పొగాకు నమిలేవాడా?"

"పొద్దున దవడన పెట్టినాడంటే సంగటి ముందరికొచ్చే దాకా తియ్యడు సామీ."

కరుణాకరం సంజీవరావు వైపు తిరిగాడు. తనలాగే సర్కారు ఉద్యోగి.

"ఆ పొగాకు ముద్ద ఇప్పటికీ దవడలోనే ఉంది. సగం సీసా గటగటా తాగినవాడికి అది చెక్కు చెదరకుండా ఎలా ఉంటుంది? నోట్లో పొగాకు వాసనే. బ్రాందీ చొక్కా మీదే ఉంది. ఎవరు పోశారు?"

సంజీవరావు లేవబోయాడు. తలుపు దగ్గర కానిస్టేబులు అడ్డం నిలిచాడు.

కొండయ్య భోరుమన్నాడు.

"నేను చూసినా సారూ! ఈ జమేదారు మూటలో ఏంది అనడిగినాడు. గొర్రెల గిట్టలకు మందు అన్నాడు కాశన్న. తాగే మందా అని గుంజినాడు. కాశన్న ఇయ్యలా. లాఠీతో నెత్తిన ఏసినాడు. మార్కాపురంలో పట్టుకున్న బ్రాందీ కాశన్న మీద సగం పోసి, మందుసీసా కిటికీలోంచి ఇసిరేసినాడు. నోరిప్పితే నన్నే జైల్లో ఏయిస్తానన్నాడు."

"చంపాలని కొట్టలేదు సార్," సంజీవరావు గొణిగాడు.

కరుణాకరం అతని చేతులకు బేడీలు వేయించాడు.

అంకాలమ్మ లేచింది. "తాగి సచ్చినాడని అప్పుడే ఊర్లోకి మాట పోయింది సామీ. నేను జెప్తే ఎవురు నమ్ముతారు?"

మూడు గంటలకు పంచనామా ముగిసింది. శవాన్ని ఊరికి తీసుకెళ్ళే ఎడ్లబండెక్కించారు. కరుణాకరం టోపీ చంకలో పెట్టుకుని బండికి ముందు నడిచాడు. ఎదురుపడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడు.

"కాశయ్య తాగలేదు. కొట్టి చంపారు."