రెండో సాక్షి

పక్షుల పిచ్చి పట్టినవాళ్లు ఆకలికి ఓర్చుకుంటారు, దోమలకు ఓర్చుకుంటారు. తాము కనిపెట్టినదాన్ని పక్కవాడు నమ్మకపోతే మాత్రం ఓర్చుకోలేరు. ఏంజెల్‌కు ఆ పిచ్చి అంటించింది ఆమె అన్న యోనా. పాల్వంచలో కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ అతనిది. ఆమె అక్కడే ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. తండ్రి పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు యోనానే. ఆదివారం చర్చి అయిపోగానే అన్నాచెల్లెళ్లిద్దరూ బైనాక్యులర్లు మెడలో వేసుకుని బండెక్కితే, పిట్టలకు దేవుడున్నాడు గాని మీకు అన్నం ఎవరు పెడతారని తల్లి విశ్రాంతమ్మ సణిగేది.

అక్టోబరులో వానలు వెనకబట్టి గాలి మారగానే ఉత్తరం నుంచి వలస పక్షులు దిగుతాయి. ఆ నెలంతా పక్షులవాళ్ల వాట్సాప్ గ్రూపుకు పండగే. ఒకరు ఎన్నడూ చూడని పిట్టను చూసి ఫోటో పెడతారు, మిగతావాళ్లు మెచ్చుకుంటూ కుళ్లుకుంటారు. ఈసారి ఆ అదృష్టం ఏంజెల్‌ది. భద్రాచలం రోడ్డు దిగి అడవిలోకి పోయే బండ్లబాట పక్కన, వాగు ఒడ్డున, ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకొక కూత వినిపించింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, చివర్న ఊపిరి లోపలికి పీల్చినట్టు ఒక చప్పుడు. పిట్ట కనపడలేదు. కూతను ఫోన్లో రికార్డు చేసి, చోటుతో సహా గ్రూపులో పెట్టింది.

అదేం పిట్టో ఎవరూ గుర్తుపట్టలేదు. గ్రూపు పెద్ద రామకృష్ణ మర్యాదగానే చెప్పాడు. ఫోటో లేదు, విన్నది ఒక్కరే, కాబట్టి రెండో మనిషి అక్కడికి పోయి తన చెవులతో వింటే తప్ప ఒప్పుకోలేమన్నాడు. అది వాళ్ల కట్టుబాటు, అందరికీ ఒకటే. అయినా ఏంజెల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంటే యోనా నవ్వి, రేపు షిఫ్టు దిగగానే తనే వచ్చి వింటానన్నాడు.

మర్నాడు వాళ్లు వాగు దగ్గర బండి ఆపేసరికి పొద్దు గూకుతోంది. నానిన ఆకుల వాసన ముక్కుకు తగులుతోంది. చిలకలు గోల ముగించుకుని చెట్లకు చేరాయి. నీళ్లు రాళ్ల మధ్య గొణుక్కుంటూ పోతున్నాయి. ఇద్దరూ బండరాయి మీద కూర్చుని చాలాసేపు ఎదురుచూశారు. వెలుగు తగ్గినకొద్దీ యోనాకు ఓపిక తగ్గింది. నీ ఫోన్లో ఉన్న కూతే వినిపిద్దాం, తన జాతిది ఇంకొకటి వచ్చిందనుకుని బదులిస్తుందన్నాడు. పిట్టలను అలా మోసం చేయకూడదని ఆమెకు నేర్పింది అతనే. ఇది గుడ్లు పెట్టే కాలం కాదులే, ఒక్కసారికి ఏం కాదని సర్దిచెప్పిందీ అతనే. ఏంజెల్‌కు మనసొప్పలేదు. కానీ రామకృష్ణ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఫోన్ తీసి సౌండు పెంచింది.

రెండు పొట్టి కూతలు. ఒక పొడుగు. ఊపిరి.

అడవి మూగబోయింది. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. కాసేపటికి వాగు అవతల నుంచి బదులొచ్చింది.

యోనా ముఖం వెలిగిపోయింది. పసుల పోలిగాడు పిట్ట కావచ్చు, అది ఏ పిట్ట గొంతునైనా ఎత్తుకుంటుందని ముందు అనుమానపడ్డాడు. ఇంకోసారి విన్నాక కాదని తల ఊపాడు.

"ఇగ నేను సాక్షిని," అన్నాడు మెల్లగా. "నీది పక్కా, చెల్లె."

ఆ మాటకు ఆమె పొంగిపోయింది. అక్కడితో లేచి ఇంటికి పోతే ఎంత బాగుండేది! కానీ విన్నదాన్ని చూడకుండా వెనక్కి తిరిగే పక్షులవాడు ఎక్కడైనా ఉన్నాడా?

మళ్లీ కూత. ఈసారి వాగుకు ఇవతల నుంచి. రెక్కల చప్పుడు లేదు. నీళ్లు దాటిన అలికిడి లేదు. వాసన మాత్రం వచ్చింది... వేడినీళ్లలో ముంచిన కోడి ఈకల వాసన.

ఫోన్ ఆపెయ్యమన్నాడు యోనా. ఏంజెల్ ఎప్పుడో ఆపేసింది.

"అయితే రికార్డు చెయ్యి. గా పొదలనే ఉంది," అని గుసగుసలాడుతూ లేచాడు.

"వద్దన్నా. చీకటయింది," అంటూనే ఆమె రికార్డు నొక్కింది.

"గీడనే. నువ్ మాట్లాడకు."

పిట్ట ఎగిరిపోతుందని టార్చి వెయ్యలేదు. అతని వీపు పొదల్లో కలిసిపోయింది. ఎండుకొమ్మ విరిగింది. ఇంకొకటి విరిగింది. తర్వాత లోపలినుంచి అతని గొంతు, చిన్నగా, వింతపడుతున్నట్టు...

"ఏంజెల్... ఇది కింద కూసున్నది."

అంతే.

ఆమె ఆగింది. పిలిచింది. మళ్లీ పిలిచింది. బదులుగా కూత వచ్చింది. అది ఆగకముందే దాని పక్కనుంచి ఇంకో కూత మొదలైంది. కొత్త గొంతు. పొడుగు కూత మధ్యలో తెగింది... మళ్లీ ఎత్తుకుంది... మళ్లీ తెగింది... మూడోసారి కుదిరింది.

లేచి పరిగెత్తాలనుకుంది. పొదల్లోకి పోవాలో, బండి దగ్గరికి పోవాలో కాళ్లకు తెలియలేదు. అన్నా అని అరవబోయి నోరు మూసుకుంది. తెరిస్తే లోపలినుంచి ఏ కూత వస్తుందోనని భయం వేసింది. రెండు కూతలూ ఒకదాని వెంట ఒకటి దక్షిణం దిక్కుగా జరుగుతూ పోయాయి. కూర్చున్నచోటే కూర్చుని, వినపడనంత దూరం పోయేదాకా ఆమె వింటూనే ఉంది.

పోలీసులు, ఫారెస్టువాళ్లు, ప్లాంటు దోస్తులు వారం రోజులు వెతికారు. చెప్పు కూడా దొరకలేదు. పొదల మధ్య మట్టి మాత్రం కోళ్లు పొర్లిన చోటులా గుల్లగా ఉంది. ఏంజెల్ మొదటి రికార్డును గ్రూపులోంచి తీసేసింది గానీ అప్పటికే అందరూ దాచుకున్నారు. పరామర్శకు వచ్చిన రామకృష్ణ కళ్లు తుడుచుకుంటూ, కూతను ఒప్పుకున్నామని, యోనా పేరు రెండో సాక్షిగా వేశామని చెప్పాడు. ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు.

రెండో రికార్డు ఎవరికీ ఇవ్వలేదు. తల్లికి మాత్రం కాదనలేకపోయింది. కొడుకు చివరి మాట అందులోనే ఉంది మరి. విశ్రాంతమ్మ ప్రార్థన కాగానే ఫోన్ చెవికి ఆనించుకుని వినేది. మాట వరకే విని ఆపెయ్యమని ఏంజెల్ బతిమాలేది.

"ఆ మాట వెనక నా కొడుకు ఊపిరి ఇనబడ్తది," అనేది ముసలామె.

ఫోన్ లాక్కుంటే అన్నం ముట్టలేదు. రెండు రోజుల పస్తు చూశాక ఏంజెలే తిరిగి ఆమె చేతిలో పెట్టింది. ఏం చేస్తుంది? దాన్ని చెరిపేస్తే అన్న గొంతు ఇక ఈ లోకంలో ఉండదు.

నవంబరులో విశ్రాంతమ్మ తన మంచాన్ని దక్షిణం గోడకు జరిపించుకుంది. వలస కాలంలో పిట్టను పంజరంలో పెడితే, చీకటి పడగానే అది పోవలసిన దిక్కునున్న చువ్వలకే కొట్టుకుంటుంది. ఆ సంగతి ఏంజెల్‌కు తెలుసు. తెలిసి చేసేదేముంది?

ఓ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి తల్లి మంచం మీద మోకాళ్లపై కూర్చుని ఉంది. ఎదుట గోడకు సున్నం లేచిపోయి ఇటుక కనిపిస్తోంది. ఆమె గోళ్లనిండా సున్నం, నెత్తురు. ఏంజెల్ ఏడుస్తూనే ఆ వేళ్లు కడిగి కట్టు కట్టింది.

"ఏందమ్మా గిది?"

"దారి చేస్తున్న బిడ్డా," అంది తల్లి, వంట చేస్తున్నానన్నంత మామూలుగా. "వాడు అటునుంచి చేస్తుండు."

ఏంజెల్ పక్కనున్న కిటికీ తెరిచి, నడుము వరకు బయటికి వంగి చూసింది. వాళ్లది మూడో అంతస్తు. అక్కడ కాలు పెట్టడానికి సన్‌షేడు కూడా లేదు. గోడకు బయటివైపు, సరిగ్గా అదే ఎత్తున, ప్లాస్టరు ఊడిపోయి ఇటుక తేలింది. ఎర్రటి పొడి ఇంకా రాలుతూనే ఉంది.