లేని చేతి పిడికిలి

సూర్యగ్రహణం పట్టిన మధ్యాహ్నమది... పట్టపగలే కారుచీకటి కమ్ముకుంది. ఎక్కడో ఉరుము దొర్లింది. ఫ్యాక్టరీ రేకుల కప్పు మీద గుడ్లగూబ వికృతంగా కూసింది.

వెనకనున్న పాత గోదాములో మాంత్రికుడు కపాలానికి ఎదురుగా కూర్చున్నాడు. వాడి ఒళ్లో, ఉప్పులో ఊరిన కుడిచెయ్యి... మణికట్టు దగ్గర తెగిన ఆడమనిషి చెయ్యి!

అది ప్రెస్సు మిషను నడిపే ఆమెది. పని వేగం పెరగాలని మిషనుకున్న రక్షణ కవచం తీయించాడు యజమాని. చెయ్యి తెగినరోజు, తెస్తే అతికిస్తామన్నారు ఆసుపత్రివాళ్లు. "దొరకలేదు" అన్నాడతను. పరిహారం అడుగుతుందని తెలిసి, ఆమె మాట మార్చమని ఆ చేతిని మాంత్రికుడికి అప్పగించాడు.

మొదటి విచారణలోనే ఆ ఘోరం జరిగింది. కార్మికశాఖ అధికారి ప్రశ్న అడగగానే, లేని వేళ్లను ఎవరో విరుస్తున్నట్టు నరకయాతన... ఆమె నోట బొంగురు గొంతొకటి "తప్పు నాదే" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందనుకున్నాడు అధికారి.

ఈరోజు రెండో విచారణ. వరండా బల్ల మీద ఆమె, ఆమె అక్క కూర్చున్నారు.

"ఆ మాట నీది కాదే," అంది అక్క.

"ఎవరిదైతేనేం అక్కా. ఒప్పేసుకుంటే ఈ పోటు ఆగుతుందేమో. తిరిగి తిరిగి కాళ్లరిగిపోయాయి."

"రేపు ఆ మిషను దగ్గర ఇంకొకరు కూర్చుంటారు కదే."

లోపలినుంచి పిలుపొచ్చింది. చెల్లెలు లేచింది.

లోపల యజమాని కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "పాపం, మతి చలించింది. ఇవ్వాల్సిన పని లేకపోయినా బస్సు ఖర్చులిస్తాం సార్," అన్నాడు జాలిగా.

"ప్రమాదం ఎలా జరిగిందమ్మా?" అడిగాడు అధికారి.

గోదాములో మాంత్రికుడు చిటికెనవేలు విరిచాడు. ఇక్కడ ఆమె కళ్లు తేలిపోయాయి. "తప్పు నా..." బొంగురు గొంతు మొదలైంది.

ఎదిరించే ఓపిక ఆమెకు లేదు. నొప్పి లాగినవైపే మనసు వదిలేసింది... ఆ నొప్పి చివర తన వేళ్లు తగిలాయి. ఏళ్ల తరబడి ఇనుముతో పెనుగులాడిన వేళ్లు! కళ్లు మూసుకుని పిడికిలి బిగించింది.

గోదాములో మృతహస్తం కదిలింది... ఒళ్లోంచి లేచి మాంత్రికుడి కంఠాన్ని పట్టుకుంది! మంత్రం గొంతులోనే నలిగింది. కపాలం ఫెళ్లున పగిలింది. పిడుగుపాటు వెలుగులో వాడి కాళ్లు నేలను తన్ని, తన్ని... ఆగిపోయాయి.

విచారణ గదిలో బొంగురు గొంతు తెగిపోయింది. ఆమె సొంత గొంతు, సన్నగా, పలికింది.

"కవచం తీయించింది ఈయనే సార్. వద్దంటే, భయమైతే ఇంట్లో కూర్చోమన్నారు."

యజమాని ఫోను మోగింది. అవతల కాపలాదారు వణుకుతున్నాడు. "గోదాములో ఆ మంత్రాలాయన చచ్చిపోయాడయ్యా. మెడకి ఒక చెయ్యి... ఎంత లాగినా ఊడట్లేదు."

యజమాని చెయ్యి తన మెడను తడుముకుంది.

"ఆమె చెప్పింది నిజమేనా?" అన్నాడు అధికారి.

"నిజమే సార్. ఎంతంటే అంత ఇచ్చేస్తాను."

బయట పలచని ఎండ తిరిగొచ్చింది. మెట్లు దిగుతూ అక్క అడిగింది, "నొప్పెలా ఉందే?"

"లేదక్కా." చొక్కా చేతి ఖాళీ కొసను చూసుకుంది. "ఇప్పుడక్కడ ఏమీ లేదు."

ఆ మెట్ల మీదే కూలబడి, పోయిన చేతి కోసం మొదటిసారి ఏడ్చింది.