విలన్ అంటే కూలివాడు

ఆత్మకూరు బస్సు దిగిన ఇన్‌ఫార్మర్ గణేష్, వనపర్తిలో టీ కొట్టు దాకా నడవలేకపోయాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. చప్పుడు లేదు. అతని సంచిలో దొరికింది ఒక్కటే. వందేళ్లు దాటిన ఇంగ్లిష్ డిక్షనరీ.

"విదేశీ ముఠా కోడ్‌బుక్ ఇదే," అన్నాడు చీఫ్ నిరంజన్, నాగర్‌కర్నూల్‌లోని రహస్య గదిలో. "మన కంప్యూటర్లు ఇప్పటి అర్థాలు వెతుకుతున్నాయి. వాళ్లు పాత అర్థాల్లో మాట్లాడుకుంటున్నారు. ఒకప్పుడు 'నైస్' అంటే తెలివితక్కువ. 'మీట్' అంటే మాంసమే కాదు, ఏ తిండైనా. నిన్నటి మెసేజ్ వినండి. విలన్. మీట్. ఫెర్రీ."

"విలన్ అంటే సార్?" అడిగాడు ఏజెంట్ క్రాంతి కుమార్.

చీఫ్ పేజీ తిప్పాడు. "దొర పొలంలో పనిచేసే కూలివాడు. మోటు మనిషి. ఆ మాటే తర్వాత దుర్మార్గుడి పేరైంది."

గదిలో అందరూ నవ్వారు. ముఠాలోకి మనవాళ్లు పంపిన నవనీత అందరికంటే అందంగా నవ్వింది. క్రాంతి కూడా నవ్వాడు. అతని తండ్రి ఇస్రాయేలు పాలమూరు కూలి. ఆఫీసులో మాత్రం రిటైర్డ్ లెక్చరర్ అని చెప్పుకున్నాడు.

"రేపు సోమశిల పడవలో, ఒక కూలివాడి తిండి డబ్బాలో బాంబు," అన్నాడు చీఫ్. " అదే పడవలో క్షిపణి శాస్త్రవేత్త బాలస్వామి కృష్ణా నది దాటుతారు. పడవ ఆపితే ముఠా జారిపోతుంది. డబ్బానే పట్టాలి."

"కూలివాడికి తెలుసా?"

"తెలియదు. వలసపోయే కూలీలు ఎవరు ఇచ్చినా తిండి మోసుకుపోయి వాళ్ల మనుషులకు అందిస్తారు. విప్పి చూడరు."

క్రాంతికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు పుణె నుంచి వచ్చిన తండ్రి ఊరందరి మూటలూ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాకే తన గుడిసెకు వచ్చేవాడు.

మర్నాడు పొద్దున సోమశిల రేవు. నల్లకళ్లద్దాలు, మెళ్లో గొలుసు, క్రాంతిది రియల్ ఎస్టేట్ సేటు వేషం. పక్కన భార్య వేషంలో నవనీత. పేలుడు మందు దగ్గరికొస్తే వణికే గడియారం అతని చేతికి ఉంది. అవతలి ఒడ్డున మిరప ఏరడానికి పోతున్న కూలీల మధ్య, పనివాళ్లు కావాలన్న వంకతో తిరుగుతున్నాడు.

"ఏం సారూ, మా మూటలు జూస్తున్నవ్, కొంటవా?" అంది రాములమ్మ అనే కూలి మనిషి.

"రొట్టెల వాసన బాగుందమ్మా."

"తింటే మాతోటి మిరప తోటల ఒంగాలె మరి!"

నవ్వులు. గడియారం కదల్లేదు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరికొచ్చాడు. చివర తలపాగా చుట్టుకుని ఇస్రాయేలు కూర్చున్నాడు.

తండ్రీ కొడుకుల చూపులు కలిశాయి. ఇస్రాయేలు మెల్లగా తల తిప్పుకుని నది వైపు చూశాడు.

నవనీత క్రాంతి పక్కనే ఉంది. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ వింటున్నాడు. క్రాంతి దగ్గరికి పోకుండానే వెనక్కి తిరిగాడు.

"అందరూ క్లియర్," అన్నాడు మైకులో.

పడవ కదిలింది. శాస్త్రవేత్త ముందు కూర్చున్నారు. ఇస్రాయేలు వెనక, ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు. వెతకనిది ఆ ఒక్కడినే. క్రాంతి నీళ్లలోకి ఉరికాడు.

"డబ్బా నీళ్లలో పారేయండి! బాంబు!"

"తాగిండు సేటు," అన్నారెవరో.

నడుము లోతు నీళ్లు. అద్దాలు తీసి విసిరేశాడు. "నాయినా! గా డబ్బ పారెయ్!"

పడవంతా ఇటు తిరిగింది. ఇస్రాయేలు లేచి నిలబడ్డాడు. "మంది తిండి బిడ్డా! ఎట్ల పారేస్త?"

"నేను నీ కొడుకును చెప్తున్న! పారెయ్ నాయినా!"

ఇస్రాయేలు ఇంకేమీ అడగలేదు. బలంకొద్దీ విసిరాడు. డబ్బా మునిగిన చోట నది ఒక్కసారిగా పైకి లేచింది. పడవ ఊగింది, అందరూ తడిశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ గందరగోళంలో పారిపోవడానికి కారు తలుపు తీస్తూ నవనీత పోలీసులకు దొరికిపోయింది. బేడీలు వేస్తుంటే నిదానంగా చెప్పింది. "మీ నాన్నను వెతికి డబ్బా ఇచ్చింది నేనే. నీ ఫైల్‌లో లెక్చరర్, మీ ఊళ్లో అడిగితే కూలి. ఈ రేవులో నువ్వు దగ్గరికి పోని మనిషి ఆయనొక్కడే అని అప్పుడే తెలిసింది."

క్రాంతి చెవిలోని ఇయర్‌ఫోన్ పీకి జేబులో వేసుకున్నాడు.

ఒడ్డుకొచ్చిన తండ్రి ముందు అతను తల ఎత్తలేకపోయాడు. "నన్ను జూసి గూడ ఎందుకు పలకలే నాయినా?"

"నీ ఎంట పెద్దోళ్లుండిరి. నేను పలికితె నీకు నామోషీ గదా అని ఊకున్న." ఇస్రాయేలు తలపాగా విప్పి పిండుకున్నాడు. "డబ్బ ఇచ్చిన పిల్ల నీ పక్కనే నిలబడె. మనామెనే అనుకొని ఒళ్లె పెట్టుకున్న. గా పిల్ల నీ పెండ్లామా?"

"కాదు నాయినా. దేశద్రోహి."

ఇస్రాయేలు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మంచిగైంది బిడ్డా. పెండ్లికి గూడ నన్ను పిల్వలేదనుకున్న."