ముఖం తిప్పిన ముఖచిత్రం

"ఈ అమ్మాయికి ఎడమచేతివాటం ఎప్పుడొచ్చిందండీ డిజైనర్ గారూ?"

సబ్ ఎడిటర్ ప్రూఫు కాగితాన్ని తెచ్చి సరాసరి అతని కీబోర్డు మీద పరిచింది. వాళ్ళ సంగీత పత్రిక తర్వాతి సంచికకు ముఖచిత్రం అది. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఒక కళాకారిణి తన్మయంగా వయొలిన్ వాయిస్తోంది.

"ఎడమచేతివాటమేమిటి? బొమ్మ బాగానే ఉందిగా!"

"వయొలిన్ కుడిభుజం మీద ఉంది. కమాను ఎడమచేతిలో ఉంది. ఫొటో తిప్పేశారు కదూ?"

డిజైనర్ తల గోక్కున్నాడు. తిప్పిన మాట నిజమే.

"తిప్పక ఏం చెయ్యను? షాపులో పత్రికల్ని ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తారు. బయటికి కనిపించేది ఎడమ అంచొక్కటే. అందుకే మీ హెడ్డింగు అటు పెట్టాను. బొమ్మ కూడా అటే చూడాలి. బొమ్మ ఎటు చూస్తే కొనేవాళ్ళ చూపు అటే పోతుంది."

"మన పత్రిక కొనేది వయొలిన్ నేర్చుకునే పిల్లలు స్వామీ! పకపకా నవ్విపోతారు."

"నవ్వుతూనే కొంటారేమో."

"కొనరు! ఏ చెయ్యి ఎక్కడుండాలో తెలియనివాళ్ళు సంగీతం గురించి ఏం రాస్తారని పక్క పత్రిక తీసుకుంటారు."

ఆమె విసుగులో న్యాయముంది. పోయిన నెల ఇతగాడు బార్‌కోడ్‌కి చోటు కోసం వేణువును సగానికి కత్తిరించాడు. అప్పుడే ఎడిటర్ గారు, అంటే ఆమె బాబాయి, గట్టిగా చెప్పేశారు: "ఇంకొక్క తప్పు దొర్లితే వేరే డిజైనర్ని చూసుకుంటాను."

దేవుడు ఒకరికి కళ్ళు, ఇంకొకరికి చెవులు ఎక్కువగా ఇచ్చి ఇద్దరినీ ఒకే గదిలో ఎందుకు కూర్చోబెడతాడో! అడిగితే చెప్పడు గదా.

ఆమె ప్రూఫు తీసుకుని విసవిసా బాబాయి గది వైపు నడిచింది. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ కాగితం లోపలికి పోతే ఇతను బయటికి పోతాడు. రేపటి నుంచి ఆ కుర్చీలో ఏ తప్పూ చెయ్యని మనిషెవరో కూర్చుంటారు. అది తలుచుకుంటే ఆమెకు గుండె కలుక్కుమంది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

వెనక్కి వచ్చేసింది.

"మళ్ళీ తిప్పండి."

"తిప్పితే ఆవిడ మీ హెడ్డింగు నుంచి మొహం తిప్పుకుంటుంది."

"మాట తిప్పకండి. ఫొటో తిప్పండి!"

"ఏది తిప్పినా నాకే తిప్పలు," అని గొణుగుతూ తిప్పాడు. "చూడండి. అలిగినట్టు లేదూ?"

ఆమె తెర వైపు వంగి చూసింది.

"అలగలేదు. వింటోంది," అంది మెల్లగా. "తన స్వరం తనకు వినపడాలంటే మనిషి అలాగే తల తిప్పుతుంది. మీరు జరగండి."

అతన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టి, తాను రాసిన హెడ్డింగు చెరిపేసి, కొత్తది కొట్టింది.

'మన వైపు చూడదు. వింటోంది.'

డిజైనర్ నిటారుగా కూర్చున్నాడు. "అరె! ఇది చదివి ఎవరైనా ముందు ఆవిడ మొహమే చూస్తారు. అక్కణ్ణుంచి చూపు కుడి అంచుకు పోతుంది. పత్రిక తెరిచేది అక్కడే!" ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "నేను మాట్లాడినప్పుడల్లా మీరు కిటికీ వైపు తిరుగుతారు. నేనంటే గిట్టదనుకున్నాను. అదీ... వినడమేనా?"

"ఒక మనిషికి ఇంత ఆలస్యంగా వెలిగితే ఎలా? అసలు నువ్వు..." ఆమె నాలుక కరుచుకుంది.

"నువ్వు అన్నారు!"

"అన్నాను. ఏం, దాని మీద కూడా బార్‌కోడ్ అంటిస్తావా?"

అంతలో తలుపు తెరుచుకుంది. ఎడిటర్ గారి చేతిలో అదే ప్రూఫు ఇంకో ప్రతి.

"ఈ పిల్ల ఎడమచేత్తో వాయిస్తోందేమిటయ్యా?"

డిజైనర్ లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే సార్. తిప్పింది నేనే."

"హెడ్డింగు ఎడమవైపే కావాలని పట్టుబట్టింది నేను బాబాయ్," అంది ఆమె, అతనికి అడ్డొచ్చి.

హెడ్డింగు అటు పెట్టింది డిజైనరేనని ఆయనకు తెలుసు. ఆమె అబద్ధమాడటం ఆయన ఇంతవరకు ఎరుగరు. తెర మీది కొత్త కవర్ చూశారు, హెడ్డింగు చదివారు, ఇద్దరి మొహాలూ చూశారు. చేతిలోని ప్రూఫును ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశారు.

"ఇతన్ని పంపించేస్తే రేపే నువ్వు రాజీనామా ఇచ్చేలా ఉన్నావు. మీ పిన్ని నన్ను బతకనిస్తుందా! ఏమయ్యా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడు తీరిగ్గా ఉంటారు?"

"పెద్దవాళ్ళెందుకు సార్? కవర్ ప్రెస్సుకు నేనే తీసుకెళ్తాను."

"కవర్ సంగతి కాదయ్యా!"

ఆమె నుదురు కొట్టుకుంది. "చూశావా బాబాయ్! ఈయనకి ప్రతిదీ విడమరిచి చెప్పాలి."

"చెప్పుకో తల్లీ," అన్నారాయన తలుపు దగ్గరగా వేస్తూ. "ఇక జన్మంతా నీకదే పని."