నాలుగు గోడల సాక్ష్యం

జర్మను దేశంలో, హార్జ్ కొండలకు దక్షిణాన, ఆ ఉదయం హాల్డెన్‌ఫెల్స్ దుర్గాన్ని మూడు వైపులా డ్యూకుగారి గుడారాలు, నాలుగో వైపు గడ్డకట్టిన నది చుట్టుకొని ఉన్నాయి. గోడల మీద విలుకాండ్రు నిలబడే ఉన్నారు గాని ఎవరూ బాణం తొడగలేదు. దిగువన మంటల చుట్టూ చేరిన శత్రువులూ కత్తులు దూయలేదు. పదకొండు వారాలుగా ఒకరి రక్తం ఒకరు కళ్ళజూసిన ఆ రెండు సేనలూ ఇప్పుడు ఒకే కిటికీ వంక చూస్తున్నాయి. ఆ కిటికీ వెనుక దొరసాని మెఖ్టిల్డ్ నొప్పులు పడుతున్నది.

ఈ వంశం పుట్టుక చెప్పుకోదగ్గది. మూలపురుషుడు రూడిగర్ పడవ నడిపేవాడు. వరదలో చిక్కిన చక్రవర్తి సేనను మూడు పగళ్ళు ఎడతెరిపి లేకుండా ఆవలి ఒడ్డుకు చేర్చాడట. కోరుకోమంటే, "ఆ కొండ మీంచి నది కనిపించినంత మేర" అన్నాడట. ఆ కొండ ఎక్కితే నది ఎంత దూరం కనిపిస్తుందో చక్రవర్తికి తెలియదు, పడవవాడికి తెలుసు. అతని మనుమలు ప్రభువులయ్యారు. మునిమనుమలు చక్రవర్తి కొలువులో ముందు వరుసన కూర్చున్నారు. ఆపైన క్షయం మొదలైంది. ఒకడు జెరూసలేము దారిలో జ్వరంతో పోయాడు. అన్నదమ్ములిద్దరు ఒక వేటకుక్క కోసం ఒకరినొకరు పొడుచుకున్నారు. కడపటివాడైన గెర్లాఖ్ ప్రభువు ఆ శరత్కాలంలోనే గుర్రం మీంచి పడి, కడుపుతో ఉన్న భార్యను విడిచి కన్నుమూశాడు. మన సంస్థానాలలోనైతే దత్తత చేసుకొని గండం గడుపుకొనేవారు. దత్తత చెల్లదనే దొరలు మనకూ దాపురించారు గాని, అది వేరే కథ.

అక్కడి ధర్మం ప్రకారం, తండ్రి పోయాక పుట్టిన మగబిడ్డ ఒక్క ఘడియ బతికినా వాడే ప్రభువు. ఆపైన వాడు పోతే, తల్లి జీవించినంత కాలం భూమి ఆమెది. ప్రాణం లేకుండా పుడితే ఆ పూటే అది పై ప్రభువైన డ్యూకుది. ప్రాణానికి గుర్తు ఏడుపు. పురిటిగది నాలుగు గోడల వెలుపల నలుగురు సాక్షులు నిలబడాలి. బిడ్డ ఏడుపు నలుగురికీ వినబడాలి. లోపలి ఆడవారి మాట చెల్లదు. ఒక్క గోడ దగ్గర వినబడకపోయినా బిడ్డ పుట్టనట్టే. అప్పుడు ఇన్నాళ్ళూ కోట కాచిన రెండు వందల మందీ ద్రోహులవుతారు. వారి కోసం ఉరికంబాల కలప దిగువన అప్పుడే చెక్కుతున్నారు.

కోట మంత్రి హార్ట్‌విగ్‌కు ఆ భయం లేదు. కోట చేతికి వస్తే దానికి అతణ్ణే పాలకుణ్ణి చేస్తానని డ్యూకు రహస్యంగా మాట ఇచ్చి ఉన్నాడు.

పురిటిగది చెక్క గోడలది, చుట్టూ నడవా. తూర్పున కోట పాదిరి, దక్షిణాన కోట కమ్మరి, పడమర, ఉత్తరాన డ్యూకు పంపిన యోధులు ఇద్దరు సాక్షులుగా నిలిచారు. కోట దళపతి డీట్‌మార్ మాత్రం ఒకచోట నిలవలేక గది చుట్టూ తిరుగుతున్నాడు. దాసీలు బరువైన ఉన్ని తెరలు, మేకులు, సుత్తులు గదిలోకి మోసుకుపోవడం చూసి ఆగాడు.

"అమాత్యా, ఇవెందుకు?"

"పలకల సందుల్లోంచి చలి కోస్తున్నది, దళపతీ. దొరసానికి వాతం కమ్మితే రేపు నన్నే అంటావు."

అనుమానించినందుకు డీట్‌మార్ సిగ్గుపడ్డాడు. "మంచిపని చేశారు" అన్నాడు.

మళ్ళీ తిరుగుడు. ఉత్తరపు గోడ దగ్గర నిలిచిన ముసలి యోధుడు లోథార్ విసుక్కున్నాడు.

"ఒకచోట నిలబడవయ్యా! నొప్పులు ఆమెకా, నీకా?"

"నీకు బిడ్డలున్నారా, లోథార్?"

"తొమ్మండుగురు. ప్రతి కాన్పుకూ నేను పొరుగూళ్ళోనే ఉన్నాను. మగవాడికి అంతకన్న క్షేమమైన చోటు లేదు."

డీట్‌మార్ నవ్వబోయి ఆగిపోయాడు. "ఆమె కేకలు ఏవీ?"

"ఇందాకటి నుంచీ లేవు. అలసి ఉంటుంది."

డీట్‌మార్ దక్షిణానికి పరుగెత్తాడు. కమ్మరికీ వినబడడం లేదు. కేకలు ఆగినది ఎప్పుడో అతనికి అప్పుడు తట్టింది. సుత్తి చప్పుడు ఆగినప్పుడే! తల్లి ఆర్తనాదాన్నే మింగిన తెరలు పసికందు ఏడుపును బయటికి రానిస్తాయా?

తలుపు దగ్గర హార్ట్‌విగ్ అడ్డం నిలిచాడు. "పురిటిగది గడప బలవంతంగా దాటిన మగవాడికి ఏమి విధిస్తారో ఎరుగుదువు గదా! కత్తి పోతుంది, గౌరవం పోతుంది, దేశం పోతుంది. పాతికేళ్ళ కీర్తిని ఒక్క అడుగుతో పోగొట్టుకుంటావా?"

"ఎరుగుదును. తప్పుకో" అని డీట్‌మార్ అతణ్ణి భుజంతో నెట్టి లోపలికి వెళ్ళాడు.

"ఓరి పాపిష్ఠివాడా, ఇది పురిటిగది, రణరంగం కాదు!" అని మంత్రసాని ఇర్మెల్ గయ్యిమన్నది.

"నేను గోడలే చూస్తాను, అవ్వా. నీ పని నువ్వు చెయ్యి."

మంచం వైపు చూడకుండా ఒక్కొక్క తెరా పట్టి లాగాడు. మేకులు చీరి అరచేతులు నెత్తురయ్యాయి. నాలుగో తెర నేలకూలిన కాసేపటికి అతని వీపు వెనుక చిన్న దగ్గు, ఆ వెంటనే ఏడుపు.

"తూర్పున వినబడింది!" అని పాదిరి అరిచాడు. "దక్షిణాన వినబడింది!" అన్నాడు కమ్మరి. పడమటి యువకుడు ఒక్క క్షణం తడబడి, తానూ విన్నానన్నాడు. హార్ట్‌విగ్ ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి లోథార్ ముఖంలోకి చూశాడు.

"నీ ప్రభువు కార్యం నీ నాలుక మీద ఉంది, ముసలాయనా."

"అబద్ధమే కావలసివస్తే మా ప్రభువు మరొకణ్ణి పంపి ఉండేవాడు" అని, కోటంతా వినబడేలా లోథార్ కేక వేశాడు. "ఉత్తరాన వినబడింది! మగబిడ్డ అయితే వాడే ప్రభువు!"

మగబిడ్డే. మధ్యాహ్నం గంట మోగకముందే ఆ చిన్న ఊపిరి ఆగింది. రూడిగర్ వంశం అంతటితో అంతరించింది. కాని దిగువన గుడారాలు విప్పారు. ఉరికంబాల కలప చలిమంటలకు పనికివచ్చింది. హార్ట్‌విగ్ మీద ఏ నేరమూ నిలవలేదు, ఎందుకంటే బాలింతకు చలి తగలకుండా తెరలు కట్టించడం ఏ ధర్మశాస్త్రంలోనూ నేరం కాదు. అయితే డ్యూకు అతణ్ణి తన గుడారం గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు.

పదో నాడు మెఖ్టిల్డ్ కొలువు తీర్చింది. మొదటి తీర్పు డీట్‌మార్ మీదనే.

"నిన్ను క్షమించాలని ఉంది, దళపతీ" అన్నది.

"వద్దు తల్లీ. బిడ్డ ఏడ్చాడని మీరు ధర్మాన్ని చూపి కోట నిలుపుకొన్నారు. అదే ధర్మం నా దగ్గర వంగితే, రేపు డ్యూకు ఆ ఏడుపునూ కాదంటాడు. కోట కాచినవారి మెడలకు మళ్ళీ ఉరి వస్తుంది. తీర్పు చెప్పండి."

ఆమె చెప్పింది. అతని కత్తి రాతిమీద విరిచారు. తెల్లవారేలోగా పొలిమేర దాటాలన్నారు. సభలో పాదిరితో సహా ఎవ్వరూ తల ఎత్తలేదు.

అప్పుడు ఆమె సింహాసనం దిగి, దాసి భుజం పట్టుకొని నడుస్తూ అతని దగ్గరికి వచ్చింది.

"ఆ సమయాన నాకు స్పృహ లేదు, డీట్‌మార్. లోకమంతా విన్నది, నేను వినలేదు. నా బిడ్డ గొంతు ఎలా ఉంది?"

డీట్‌మార్ గాయాలు మానని తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"కోపంగా ఉందమ్మా" అన్నాడు. "ఇంతసేపా తలుపు తియ్యడానికి, అన్నట్టు ఉంది."

ఆమె నవ్వింది. అలా నవ్వుతుండగానే దుఃఖం ముంచుకొచ్చింది. అతను వంగి నమస్కరించి, ఒరలేని నడుముతో మంచులోకి వెళ్ళిపోయాడు.