ఏడో బల్ల శాతం

"ఏడో బల్ల దండగ అని రాసింది మీరేనా?"

కిన్‌ఫాంగ్ నోట్లో సగం కొరికిన పంది మాంసం బన్ను ఉంది. మకావులోని ఆ కాసినో క్యాంటీన్‌లో లెక్కల విభాగం వాళ్లను ఎవరూ పలకరించరు. అలాంటిది ఏడో బల్ల దగ్గర పేకముక్కలు పంచే పుయ్‌సాన్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆమె అందంగా ఉందని సరిగ్గా అప్పుడే తోచడం అతని ఖర్మ.

"దండగ అనలేదండీ. శాతం తక్కువన్నాను."

"ఏం శాతం?"

"ఆటగాళ్లు పందెం చిప్స్ కొన్న డబ్బు మీ బల్ల కింద పెట్టెలో పడుతుంది కదా. అందులో నూటికి ఎంత మనకు మిగిలిందో చూస్తాం. పక్కన ఎనిమిదో బల్లకి యాభై ఎనిమిది మిగిలింది. మీకు తొమ్మిది."

"యాభై ఎనిమిదా? అంత ఎలా వచ్చిందని అనుమానం రాలేదా?"

"అంకెలు అలా అంటున్నాయి మరి."

"అంకెలకు నోరెక్కడిది? అంటున్నది మీరు. మూడేళ్లు రాత్రి షిఫ్టు చేస్తే ఇప్పటికి పగలు దొరికింది. మీరు రాసింది చూసి సోమవారం బల్ల తీసేస్తే నన్ను మళ్లీ రాత్రిళ్లకే తోస్తారు. ఒక్కసారైనా కిందికొచ్చి చూశారా?"

చూడలేదు. పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చుని రాసేశాడు. మిగిలిన బన్ను పళ్లెంలో పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లి ఏడో బల్ల వెనక నిలబడ్డాడు. పుయ్‌సాన్ ఒక్క చూపు చూసింది. దయచేశారా మహానుభావా అన్నట్టుంది ఆ చూపు.

ఎనిమిదో బల్ల చుట్టూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఏడో బల్లకి సగం కుర్చీలు ఖాళీ. ఒక పెద్దావిడ వచ్చి నోట్ల కట్ట పెట్టి చిప్స్ తీసుకుంది. ఒక్క పందెం కాసిందో లేదో, పక్క బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయింది. ఆవిడ చిప్సన్నీ ఊడ్చుకుని అటు పరిగెత్తింది. గంటలో పదకొండు మంది అదే పని చేశారు. డబ్బు పడింది ఈ పెట్టెలో, ఓడింది ఆ బల్ల మీద.

పన్నెండో మనిషిని అతనే ఆపాడు. "అంకుల్, ఇక్కడే ఆడొచ్చుగా?"

"అదృష్టం తెచ్చే ఎనిమిది పక్కనే ఉండగా ఏడు దగ్గర ఎవడాడతాడు బాబూ? ఈ ఊరివాడివి కాదా ఏం?"

ఈ ఊరివాడే. మూడు ఎనిమిదులున్న ఫోన్ నంబరు కోసం వాళ్లమ్మ నెల జీతం పోసింది కూడా. కిన్‌ఫాంగ్ తల కొట్టుకున్నాడు.

సాయంత్రం సిబ్బంది గేటు దగ్గర వాన పట్టుకుంది. పుయ్‌సాన్ గొడుగు విప్పుతోంది.

"రెండు బల్లలూ కలిపి లెక్క కట్టాను. నూటికి ఇరవై మూడు, మిగతా బల్లల్లాగే. మేనేజరు ఒప్పుకున్నాడు. మీ బల్ల ఉంటుంది, మీ పగలూ ఉంటుంది."

"అంతేనా?"

"తప్పు నాదే."

ఆమె నిట్టూర్చింది. "ఇక రేపు రారన్నమాట."

"లెక్క అయిపోయింది. అయినా వస్తాను. మీరు నాకు నచ్చారు."

"చూడండి, ఇక్కడ కొనుక్కుని పక్క బల్లకి పోయేవాళ్లతో రోజూ వేగుతున్నాను. మీరూ ఆ రకమైతే ఇప్పుడే చెప్పేయండి."

"పక్క కుర్చీ ఖాళీ అయినా లేవను."

"చాల్లే. తడుస్తున్నావు, ఇటు రా," అంది విసుగ్గా.

బస్టాపు చేరేసరికి ఎనిమిదో నంబరు బస్సు ఖాళీగా వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కలేదు.