రెండోసారి నిప్పు చూసిన తాళంచెవి

పిల్లలూ, శిలావరం రాజ్యం కథ చెప్పాలంటే నాకే గొంతు తడారిపోతుంది. ఆ రాజ్యానికి కొండలోంచి దూకే ఊట ఒక్కటే దిక్కు. చిలుమాసురుడనే రాక్షసుడు వచ్చి ఆ ఊట నోటికి ఇనుప తలుపు బిగించి, పెద్ద తాళం వేసి, పక్కనే చతికిలబడ్డాడు.

"మీ చేతులతో చేసిన చెవితో తాళం తియ్యండి, నా దారిన నేను పోతాను. చెవి వంగినా విరిగినా, తిప్పినవాడు ఇనుప బొమ్మైపోతాడు. కాళ్ల నుంచి తుప్పు పాకుతుంది. అది నెత్తికెక్కితే వాణ్ణి బతికించడం నా తరం కూడా కాదు" అన్నాడు.

ధవళకేతు మహారాజు చాటింపు వేయించాడు. కమ్మరులు ఒకరి వెనక ఒకరు వెళ్లారు, ఒకరి వెనక ఒకరు బొమ్మలయ్యారు. చిట్టచివర వెళ్లినవాడు సోమాచారి. పనితనంలో అతన్ని మించినవాడు లేడు. అయితేనేం, అతని చెవి కూడా పుటుక్కున విరిగింది.

సోమాచారికి ఒక్కగానొక్క కూతురు నీలాంబ. తల్లి లేని పిల్ల, కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ పెరిగింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి తండ్రి కళ్లు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాడు. తుప్పు మోకాళ్లు దాటేసింది.

"నేను చేస్తాను చెవి" అంది రాజుతో. ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, ఆమే నమ్మలేదు.

ఊళ్లో ఉన్న మంచి ఉక్కంతా విరిగిన చెవులకే ఖర్చయిపోయింది. అందుకని నీలాంబ పాత కొడవలి నడుముకు దోపుకుని అడవి పట్టింది. ముళ్లపొదలు నరుక్కుంటూ పోగా పోగా, కొండవాలులో ఇనుము కరిగిస్తున్న ముసలి ముని కనిపించాడు.

"తాళంచెవా? పోత పోసుకో తల్లీ. కరిగిన ఇనుము అచ్చులో పోస్తే చాలు, దిద్దినట్టు వస్తుంది. అచ్చు మాత్రం బాగా ఆరనియ్యి" అన్నాడు.

ఆరనిచ్చే ఓపిక ఆమెకెక్కడిది? తడి అచ్చులోనే పోసేసింది. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై అచ్చు ఢామ్మని పేలింది, మోచేయి కాలింది. ఏడుస్తూ మరో అచ్చు చేసి, ఈసారి ఎండేదాకా కూర్చుంది. చెవి ముచ్చటగా వచ్చింది. రాతికేసి ఒక్క దెబ్బ కొట్టగానే రెండు ముక్కలైంది.

"పోత ఇనుము పెళుసు తల్లీ, దెబ్బకు ఆగదు. నాకొచ్చిన విద్య ఇంతే" అని ముని ఓ ఉక్కు ముద్ద చేతిలో పెట్టి జపంలో కూర్చున్నాడు.

ఇంకా లోపలికి వెళితే, ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు సమ్మెట పట్టుకున్న ఎలుగుబంటి అడ్డొచ్చింది. "ఏమే పిల్లా, ఏడిస్తే ఇనుము సాగుతుందా? ఎర్రగా కాలినప్పుడు కొట్టు. నల్లబడ్డాక కొట్టావో, పగుళ్లిస్తుంది" అని కసిరింది.

నీలాంబ చేతులు బొబ్బలెక్కేలా కొట్టింది. సాగగొట్టిన చెవి విరగలేదు. కానీ రాతి సందులో పెట్టి మెలితిప్పితే వంగిపోయింది.

"మెత్తన" అని ఎలుగు పెదవి విరిచింది. "సరిచేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచు, గట్టిపడుతుంది. ఆపైన నన్నడక్కు, నాకూ తెలియదు."

చెవి నీళ్లలో చుయ్యిమంది. ఆకురాయి పెట్టినా గీత పడనంత గట్టిగా తయారైంది. దాన్ని పట్టుకుని నీలాంబ తలుపు దగ్గరికి పరుగెత్తింది. తుప్పు తండ్రి గడ్డం దాకా వచ్చేసింది.

తాళంలో పెట్టబోతూ కింద చూసింది. అంతమంది కమ్మరుల చెవుల ముక్కలూ అక్కడే పడున్నాయి. తండ్రి చెవి ముక్క తీసి చూస్తే, విరిగిన చోట రాతి ఉప్పులా పలుకులు మెరుస్తున్నాయి. మిగతావీ అంతే. ఒక్కటీ వంగలేదు, అన్నీ విరిగాయి. ఆమె చేతిలోదీ అలా నీళ్లలో ముంచి గట్టిపరిచిన జాతిదే, తిప్పితే విరగక మానదు.

నీలాంబ అక్కడే కూలబడింది. "నాన్నా, నా వల్ల కాదు నాన్నా!" అని వెక్కివెక్కి ఏడ్చింది. రాక్షసుడు ఆవులించాడు.

కూలబడినప్పుడు నడుములోని కొడవలి కుచ్చుకుంది. తీసి పక్కన పడేయబోయి, ఆగింది. శిలావరం కమ్మరులకో కట్టుబాటుంది. నీళ్లు తాగిన ఇనుముకు మళ్లీ నిప్పు చూపించకూడదు. చూపిస్తే కొలిమికి అవమానం, చూపించినవాడికి వెలి. చిన్నప్పుడు తన చేయి జారి ఈ కొడవలి కొలిమి అంచున పడితే, తండ్రి చెంప పగలగొట్టి దీన్ని పెంటలో విసిరేశాడు. తను దొంగచాటుగా తెచ్చుకుంది. ఇన్నేళ్లు కట్టెలు నరికినా విరగలేదు, వంగలేదు. దాని వీపు మీద ఇప్పటికీ ఊదారంగు మరకుంది.

నీలాంబ చెవిని రాతి మీద తళతళలాడేలా రుద్ది, నిప్పులు పోగేసి అంచున పెట్టింది.

"ఓసి కమ్మరిపిల్లా, మీ నాన్న చూస్తూనే ఉన్నాడే! ఇంటి పరువు ఆయన కళ్లముందే తగలేస్తున్నావ్!" అని రాక్షసుడు పగలబడి నవ్వాడు.

"నన్ను క్షమించు నాన్నా" అంది నీలాంబ. ఆశ ఉండి కాదు, చేయడానికింకేమీ మిగలక చేసింది. చెవి మీద లేత గడ్డిరంగు తేలింది, తరవాత గోధుమరంగు పాకింది. కొడవలి మరకలాంటి ఊదారంగు రాగానే చప్పున తీసేసింది. చల్లారాక తాళంలో పెట్టి, కళ్లు మూసుకుని తిప్పింది.

తాళం కిర్రుమంది. చెవి కాస్త మెలితిరిగి, మళ్లీ నిలదొక్కుకుంది. తలుపు విడిపోయింది. నవ్వు సగంలో ఆగి రాక్షసుడు ఎర్రటి తుప్పు పొడిగా రాలిపోతే, ఊటనీళ్లు ఆ పొడిని ఈడ్చుకుపోయాయి.

సోమాచారి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ చెవి పట్టిన కుడిచేయి ఇనుముగానే ఉండిపోయింది. నెత్తిదాకా తుప్పు పట్టిన మిగతా కమ్మరులు ఎవరూ కదలలేదు. ఆయన తాళంలోని చెవినీ, దాని రంగునీ చూశాడు.

"రెండోసారి నిప్పు చూపించావా?"

"చూపించాను నాన్నా. కొట్టు."

సోమాచారి కొట్టలేదు. బొమ్మలైన తోటివాళ్ల మధ్య నిలబడి, "ఇంతమందిమి... ఒక్కడైనా చేసి చూడలేదే!" అని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

మహారాజు నీలాంబను ఆస్థాన కమ్మరిని చేశాడు. ఊట పక్కనే కొలిమి కట్టించాడు. అక్కడ నీలాంబ ఏ పనిముట్టు చేసినా నీళ్లలో ముంచి, మళ్లీ కొలిమి అంచున పెట్టేది. సమ్మెట ఎత్తలేని సోమాచారి పక్కన పీట మీద కూర్చుని, ఇనుము మీద పాకే రంగులనే రెప్పవేయకుండా చూసేవాడు. ఊదారంగు రాగానే, "ఇక తియ్యి తల్లీ" అనేవాడు.